ఎనిమిది నిమిషాల్లో నడుము నొప్పి

తెలుగులో 'పరీక్ష' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. విద్యార్థి రాసేదీ పరీక్షే, డాక్టరు రోగికి చేసేదీ పరీక్షే. ఈ రెండూ ఒకే గదిలో ఒకేసారి జరిగే సందర్భం ఒకటుంది. వైద్య విద్యార్థి రోగిని పరీక్షిస్తుంటే, మూలన కుర్చీలో కూర్చున్న ఎగ్జామినరు విద్యార్థిని పరీక్షిస్తుంటారు. ఆ గదిలో తరచుగా ఎదురయ్యే కేసుల్లో నడుము నొప్పి ఒకటి.

వైద్యంతో సంబంధం లేని ఎంబీఏ వాణ్ణి, ఈ విషయం రాయడానికి కారణం చెబుతాను. మా అక్క కూతురు ఆల్ ఇండియా కోటాలో సీటు వచ్చి గుజరాత్‌లో మెడిసిన్ చదువుతోంది. నాకు సూరత్ బదిలీ అయ్యాక ఆదివారాలు మా ఇంటికి వస్తుంది. ప్రాక్టికల్స్ దగ్గర పడితే మా హాలే ఆసుపత్రి, దివాన్ కాటే ఎగ్జామినేషన్ టేబులు, నేనే రోగిని. మా ఆవిడ చేతిలో మార్కుల కాగితం, సెల్‌ఫోనులో ఎనిమిది నిమిషాల అలారం. ఇన్ని ఆదివారాలు రోగి వేషం కట్టాక నాకు అర్థమైందేమిటంటే, ఆ మార్కుల కాగితంలో ఉన్నవన్నీ డాక్టర్లకే కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళే మనకూ పనికొస్తాయి.

ఈ పరీక్ష ఎలా వచ్చింది?

పూర్వం క్లినికల్ పరీక్ష అంటే వార్డులో ఉన్న ఒక రోగిని చూపించి, "కేసు చూసి చెప్పు" అనేవారు. సులువైన కేసు వచ్చినవాడు గట్టెక్కేవాడు, చిక్కు కేసు తగిలినవాడు తప్పేవాడు. ఎగ్జామినరు మనసు బట్టి మార్కులు మారేవి. దీన్ని సరిచేయడానికి రెండు ప్రయత్నాలు జరిగాయి. 1963లో అమెరికాలో హోవర్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు, రోగి లక్షణాలను నేర్చుకుని నటించే మనుషులను తయారు చేశాడు. విద్యార్థులందరికీ ఒకే కథ, ఒకే నొప్పి, ఒకే జవాబులు. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్, పరీక్షను చిన్న చిన్న 'స్టేషన్లు'గా విడగొట్టాడు. గంట మోగగానే విద్యార్థి ఒక స్టేషను నుంచి మరో స్టేషనుకు వెళ్ళాలి. ప్రతి స్టేషనుకూ ముందే రాసిపెట్టుకున్న చెక్‌లిస్టు ఉంటుంది. దీని పేరే ఆబ్జెక్టివ్ స్ట్రక్చర్డ్ క్లినికల్ ఎగ్జామినేషన్, పొట్టిగా ఆస్కీ.

మన భాషలో చెప్పాలంటే ఇది పదహారు కౌంటర్లున్న శాఖ లాంటిది. ఒక్కో కౌంటరులో ఒక్కో రకం కస్టమరు, అందరూ చెక్‌లిస్టు పట్టుకుని కూర్చున్న ఆడిటరు ముందే పని చేయాలి. పదహారు అని ఊరికే అనలేదు. బ్రిటన్‌లో పనిచేయాలనుకునే విదేశీ డాక్టర్లు మాంచెస్టర్ వెళ్ళి రాసే ప్లాబ్ రెండో భాగంలో స్టేషన్లు 16, ఒక్కోదానికి 8 నిమిషాలు. మా ఇంట్లో అలారం అందుకే ఎనిమిదికి పెడతాం. అమెరికాలోనూ ఇలాంటి పరీక్ష స్టెప్ 2 సీఎస్ పేరుతో 2004 నుంచి ఉండేది. దానికోసమే మన తెలుగు పిల్లలు ఎందరో వీసా తీసుకుని షికాగో, అట్లాంటా, హ్యూస్టన్ వంటి నగరాలకు వెళ్ళివచ్చేవారు. కోవిడ్ కారణంగా 2020 మార్చిలో ఆపేసి, 2021 జనవరిలో దాన్ని పూర్తిగా ఎత్తేశారు. మన దేశంలో 2019లో చేరిన ఎంబీబీఎస్ బ్యాచి నుంచి సిలబస్ మారింది. జ్ఞానంతోపాటు నైపుణ్యానికి, రోగితో మాట్లాడే తీరుకు కూడా లెక్క మొదలైంది.

మొదటి నిమిషం

తలుపు తట్టి లోపలికి రావాలి. తన పేరు చెప్పాలి. రోగి పేరు, వయసు అడిగి చేతిలో ఉన్న కాగితంతో సరిచూసుకోవాలి. దీన్ని కేవైసీ అంటే మా మేనకోడలు నవ్వుతుంది గానీ, ఒకరి మందు మరొకరికి పోకుండా ఆపేది ఇదే. చేతులు శుభ్రం చేసుకోవాలి. ఆ తర్వాత చిన్న విషయం ఒకటి, చాలామంది మరిచిపోయేది. నడుము నొప్పితో వచ్చినవారిని "కూర్చోండి" అనేముందు, "కూర్చోగలరా, నిలబడితేనే నయమా?" అని అడగాలి. డిస్కు ఒత్తిడి ఉన్న మనిషికి కుర్చీ శిక్ష.

ఇక అసలు ప్రశ్న: "ఏమైందో చెప్పండి." ఆ తర్వాత నోరు మూసుకుని వినాలి. మధ్యలో అడ్డుపడకుండా వింటే రోగి సగం రోగనిర్ధారణ తానే చేసి పెడతాడట. ఇది మనకు తెలియనిది కాదు. లోను కోసం వచ్చిన మనిషిని బ్యాలెన్స్ షీటు అడిగేముందు రెండు నిమిషాలు మాట్లాడనిస్తే, బ్యాలెన్స్ షీటులో లేనిది కూడా బయటికి వస్తుంది.

నొప్పి జాతకం

నొప్పి గురించి ఏమేమి అడగాలో గుర్తుంచుకోవడానికి వైద్య విద్యార్థులు 'సోక్రటీస్' అనే పేరు వాడతారు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రశ్న. ఎక్కడ? ఎప్పుడు, ఎలా మొదలైంది? ఎలాంటి నొప్పి? ఎక్కడికైనా పాకుతోందా? దాంతోపాటు ఇంకేమైనా ఉందా? రోజులో ఎప్పుడు ఎక్కువ? ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది? పదికి ఎంత?

ఒక్కో జవాబు ఒక్కో దారి చూపిస్తుంది. బరువు ఎత్తినప్పుడు 'కలుక్కుమని' మొదలై, నడుము దగ్గరే ఆగిపోతే చాలావరకు కండరాల సంగతి. దగ్గినా తుమ్మినా పెరిగి, పిర్ర మీదుగా మోకాలు దాటి పాదం దాకా తీగలా దిగితే నరం మీద ఒత్తిడి, అంటే సయాటికా. పొద్దున్న లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి, నడుస్తుంటే తగ్గి, విశ్రాంతి తీసుకుంటే పెరిగే నొప్పి, అదీ పాతిక ముప్ఫై ఏళ్ళవారికి వస్తే, వెన్ను కీళ్ళ వాపు జబ్బేమోనని చూడాలి. పెద్దవారిలో కొంతదూరం నడవగానే కాళ్ళు బరువెక్కి, ముందుకు వంగితేనో కూర్చుంటేనో తగ్గితే వెన్ను నాళం ఇరుకైందని అనుమానం. పక్కటెముకల కింద మొదలై గజ్జల్లోకి దిగి, మనిషిని కుదురుగా ఉండనివ్వకుండా మెలితిప్పే నొప్పి నడుముది కానే కాకపోవచ్చు. కిడ్నీలో రాయి కూడా నడుము నొప్పి పేరుతోనే వస్తుంది.

'ఎలాంటి నొప్పి' అన్నచోట మన తెలుగు గొప్పతనం తెలుస్తుంది. పోటు, సలుపు, తీపు, మంట, పీకు, గుంజు, తిమ్మిరి, చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు. ఒక్కో మాట ఒక్కో రకం నొప్పి. తీపు అంటే కండరం. మంట, కరెంటు అంటే నరం. కానీ ఇంటి భాష తెలియని డాక్టరు ముందు ఈ సంపదంతా 'దర్ద్ హై' అన్న రెండు ముక్కలకు కుంచించుకుపోతుంది. గుజరాతీలో కాలు తిమ్మిరెక్కితే 'ఖాలీ చడీ గఈ' అంటారు. తెలియనివాళ్ళు వింటే ఏదో ఖాళీ అయిందనుకుంటారు. మా మేనకోడలు ఇలాంటి మాటలకు రెండు వరుసల పుస్తకం పెట్టుకుంది, ఒకవైపు గుజరాతీ, మరోవైపు తెలుగు.

పని ఏమిటి?

ఈ ప్రశ్నకు విడిగా మార్కులుంటాయి. సూరత్‌లో దీని విలువ మరీ ఎక్కువ. వజ్రాలు సానబట్టేవారు తిరిగే పళ్ళెం మీదికి మెడ, నడుము వంచి గంటల తరబడి కూర్చుంటారు. బట్టల మార్కెట్లలో కూలీలు వీపు మీద పార్శిళ్ళతో మెట్లెక్కుతారు. ఇళ్ళలో ఆడవాళ్ళు నేల మీద కూర్చుని చీరలకు రాళ్ళు అంటిస్తారు. లింబాయత్, ఉధ్నా వైపు వెళితే తెలుగు వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి తరాలుగా వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల మీద పనిచేస్తున్నాయి. వీరి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. మగ్గం దగ్గర మనిషి షిఫ్టంతా నిలబడే ఉంటాడు, తెగిన పోగు కోసం వంగుతూ లేస్తూ ఉంటాడు.

మనం? పొద్దున్న పది నుంచి కుర్చీ, మెడ వంచి స్క్రీను. క్యాష్ కౌంటరులో ఒకే పక్కకు తిరిగి నోట్లు తీయడం. ఆర్థిక సంవత్సరం ముగింపులో రాత్రి దాకా అదే భంగిమ. డాక్టరు అడగకపోయినా ఈ వివరం మనమే చెప్పాలి.

ఎర్ర జెండాలు

ఈ భాగం మార్కుల కాగితంలో ఎర్ర సిరాతో ఉంటుంది. నడుము నొప్పుల్లో నూటికి తొంభై దాకా ప్రమాదం లేనివి, ప్రత్యేక కారణం దొరకనివి. మిగిలిన కొద్దిపాటిలోనే ప్రమాదం దాక్కుని ఉంటుంది. వాటిని పట్టే ప్రశ్నలకు వైద్యంలో పేరు 'రెడ్ ఫ్లాగ్స్'. 2015లో రిజర్వు బ్యాంకు 'రెడ్ ఫ్లాగ్డ్ అకౌంట్' అనే మాట తెచ్చినప్పుడు మనం నేర్చుకున్నదీ ఇదే పాఠం. ప్రతి ఖాతానూ అనుమానించనక్కరలేదు, కానీ ముందస్తు హెచ్చరికలు ఉన్నాయేమో ప్రతి ఖాతాలోనూ చూడాలి.

ఆ ప్రశ్నలు ఇవి. మూత్రం ఆగిపోతోందా, తెలియకుండా పోతోందా? మలవిసర్జన మీద అదుపు తప్పిందా? సైకిలు సీటు తగిలే చోట స్పర్శ తగ్గిందా? కాళ్ళలో బలం రోజురోజుకూ తగ్గుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది అత్యవసరం. వెన్ను చివర గుర్రపు తోకలా విడిపోయే నరాల కట్ట నలిగిపోతోందని అర్థం. రేపు చూద్దాం అనకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు.

మిగిలినవి: జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గకుండా నిద్ర లేపే నొప్పి, ఇంతకు ముందు క్యాన్సర్ రావడం, ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడడం, పడిపోవడం, 50 దాటాక మొదటిసారి రావడం. ఇవి ఉంటే క్యాన్సర్, ఎముక విరగడం, ఇన్ఫెక్షన్ వంటివాటి కోసం వెతకాలి. మన దేశంలో ఈ జాబితాలో పైన ఉండాల్సిన జబ్బు ఒకటుంది, వెన్నెముక క్షయ.

ఈ ప్రశ్నల విలువ నాకు తెలిసింది ఇంట్లో కాదు, శాఖలో. ఒకరోజు తెలుగు ఆవిడ ఒకరు వస్తే, భాష కోసం కౌంటరు వాళ్ళు నన్ను పిలిచారు. మగ్గం కార్మికుడి భార్య. బెల్టు కట్టుకుని, గోడ పట్టుకుని నిలబడింది. టీబీ రోగులకు పోషకాహారం కోసం ప్రభుత్వం నిక్షయ్ పోషణ్ యోజన కింద నేరుగా ఖాతాలో వేసే డబ్బు ఆమెకు పడడం లేదు. ఆ సాయం 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైంది, 2024 నవంబరు నుంచి 1000 అయింది. ఆమె ఖాతా వాడకం లేక ఆగిపోయి ఉంది, ఆధార్ సీడింగ్ కూడా లేదు. ఫారాలు నింపుతూ "దగ్గు ఉందామ్మా?" అన్నాను. "దగ్గు లేదు సారూ, నాది నడుములో టీబీ" అంది.

ఎనిమిది నెలలు నడుము నొప్పితో తిరిగిందట. మందుల షాపులో గోలీలు, పూతమందు, ఒకచోట సూది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడడం, చీరకుచ్చిళ్ళు వదులవడం ఆమెకు తెలుసు. కానీ నడుముకు, జ్వరానికి సంబంధం ఉందని ఆమెకు తెలియదు, అడిగినవారూ లేరు. చివరికి ఒక ఆసుపత్రిలో తెలుగు వచ్చిన నర్సు కూర్చోబెట్టి అడిగితే బయటపడింది. అప్పటికి కాళ్ళు తడబడడం మొదలైంది. వెన్నెముక క్షయకు మందులు ఏడాదిపాటు, కొందరికి అంతకంటే ఎక్కువకాలం వాడాలి. ఆమె వాడుతోంది, నడక మెరుగైంది. డబ్బు కూడా పడుతోంది. కానీ "జ్వరం వస్తోందా, బరువు తగ్గారా?" అన్న రెండు ప్రశ్నలకు పట్టేది పది సెకన్లు. ఆ పది సెకన్లు దొరకడానికి ఆమెకు ఎనిమిది నెలలు పట్టింది. మార్కుల కాగితంలో ఆ గడి ఎందుకు ఉందో నాకప్పుడు పూర్తిగా తెలిసింది.

చేతులతో చూడడం

ప్రశ్నలు అయ్యాక, అనుమతి అడిగి పరీక్ష మొదలుపెట్టాలి. వరుస ఇది: చూడు, తాకు, కదిలించు. వెనక నుంచి వెన్ను వంకర ఉందేమో చూస్తారు. ఎముకల మీద వేళ్ళతో నొక్కుతూ, తట్టుతూ దిగుతారు. ఒకే ఎముక దగ్గర పదునైన నొప్పి ఉంటే అది ముఖ్యమైన ఆధారం. ముందుకు, వెనక్కి, పక్కలకు వంచి చూస్తారు. మడమల మీద, తర్వాత మునివేళ్ళ మీద నడవమంటారు. ఇది ఆట కాదు. మడమల మీద నడవలేకపోతే నడుములోని ఐదో నరం, మునివేళ్ళ మీద లేవలేకపోతే దాని కింది నరం బలహీనపడి ఉండవచ్చు.

తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా ఒక్కో కాలూ నెమ్మదిగా పైకెత్తుతారు. 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలి కిందికి నొప్పి దిగితే నరం నలుగుతోందని అనుమానం. తొడ వెనక బిగుసుకున్నట్టుంటే అది లెక్కలోకి రాదు. నొప్పి లేని కాలు ఎత్తితే నొప్పి ఉన్న కాల్లో నొప్పి వస్తే, అనుమానం బలపడుతుంది. ఆపై బొటనవేలి బలం, పాదం మీద స్పర్శ, మోకాలి దగ్గర, మడమ వెనక చిన్న సుత్తితో రిఫ్లెక్సులు. పొట్ట కూడా నొక్కి చూస్తారు, ఎందుకంటే నొప్పి ముందు నుంచి వెనక్కి వచ్చి ఉండవచ్చు. ఇంత చేసినా, కాలు ఎత్తినప్పుడు రోగి ముఖం చూడకుండా కాలునే చూస్తే మార్కు పోతుంది. "మావయ్యా, అబ్బా అనకండి, ముఖం మాత్రం చిట్లించండి, నేను పట్టుకుంటానో లేదో చూద్దాం" అంటుంది మా పిల్ల.

చెప్పడం కూడా పరీక్షే

ఆఖరి రెండు నిమిషాలు వివరించడానికి. ముందుగా, "మీకు దీని గురించి ఏమైనా భయం ఉందా?" అని అడగాలి. నడుము నొప్పితో వచ్చినవారి మనసులో ఉండేది తరచుగా నొప్పి కాదు. పని పోతుందా, ఆపరేషన్ అంటారా, కాళ్ళు పడిపోతాయా అన్న దిగులు. ఆ దిగులు నొప్పిని పొడిగిస్తుందని కూడా వైద్యులు చెబుతారు.

ఎర్ర జెండాలు లేకపోతే మొదటి ఆరు వారాలు స్కానింగు అవసరం లేదు. "ఎమ్మారై తీయించరా?" అని అడిగే రోగి పాత్ర నాకు బాగా అలవాటు. దానికి మా మేనకోడలు చెప్పే జవాబు: నొప్పే లేనివాళ్ళకు స్కాన్ తీసినా 20 ఏళ్ళవారిలో 30 శాతం మందికి, 80 ఏళ్ళవారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది. రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అని చదివి భయపడేవారిలో చాలామందికి అది తల నెరవడం లాంటిదే.

విశ్రాంతి సంగతీ అంతే. 1995లో హెల్సింకి నగరపాలక ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనంలో, మంచం మీద పడుకున్నవారికంటే ఓర్చుకోగలిగినంత వరకు మామూలు పనులు చేసుకున్నవారే త్వరగా కోలుకున్నారు. వాళ్ళూ మనలాంటి ఉద్యోగులే.

కొత్త నొప్పి సాధారణంగా ఆరు వారాల్లోపు నెమ్మదిస్తుంది. 12 వారాలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 12 వారాలంటే 84 రోజులు, మన 90 రోజుల నిబంధనకు ఆరు రోజులు ముందు. ఖాతా ఎన్‌పీఏ కాకముందే కదలాలన్న సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారు. 2050కి ఆ సంఖ్య 84.3 కోట్లు అవుతుందని అంచనా.

మనం డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు

నిజమైన డాక్టరుకు ముందు అలారం ఉండదు గానీ బయట క్యూ ఉంటుంది. మనకు దొరికేదీ దాదాపు ఆ ఎనిమిది నిమిషాలే. కాబట్టి ఇంట్లోనే ఒక చిన్న కాగితం మీద ఇవి రాసుకుని వెళ్ళండి:

• నొప్పి ఎప్పుడు మొదలైంది, అప్పుడు ఏం చేస్తున్నారు, ఎంతవరకు పాకుతోంది
• ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది, పొద్దున్న ఎలా ఉంటుంది, రాత్రి ఎలా ఉంటుంది
• జ్వరం, బరువు తగ్గడం, తిమ్మిర్లు, కాళ్ళ బలహీనత, మూత్రంలో మార్పు ఉన్నాయా, లేవా ('లేవు' అనేది కూడా రాయండి)
• షుగరు, బీపీ, పాత జబ్బులు, ఇప్పుడు వాడుతున్న మందులు, షాపులో కొనుక్కున్న గోలీలతో సహా
• చేసే పని, కూర్చునే తీరు
• మీ మనసులో ఉన్న భయం, ఒక్క వాక్యంలో

ఆడవాళ్ళకు ఒక మాట. "ఇంటి పనికి ఆ మాత్రం నడుము నొప్పి మామూలే" అని నెలల తరబడి సర్దుకోకండి. నెలసరితో పాటు పెరిగే నొప్పి, కాన్పు తర్వాత వదలని నొప్పి కూడా డాక్టరుకు చెప్పాల్సినవే. పెద్దవాళ్ళను వెంట తీసుకువెళ్ళేవారు వాళ్ళ బదులు జవాబులు చెప్పేయకుండా, ముందు వాళ్ళనే చెప్పనివ్వండి. భాష రానిచోట మాత్రం తోడుగా మాట అందించండి, వాళ్ళు 'తీపు' అంటే తీపు అనే చెప్పండి, 'దర్ద్' అని ముగించకండి.

బదిలీల మీద ఊళ్ళు తిరిగే మన కుటుంబాలకు ఏ ఊళ్ళో ఏ భాష ఎదురవుతుందో తెలియదు. కొత్త ఊరికి వెళ్ళగానే గ్యాసు, పాలు, బడి గురించి వాకబు చేస్తాం కదా. దాంతోపాటు 'తిమ్మిరి', 'మంట', 'జ్వరం', 'బరువు తగ్గాను', 'మూత్రం రావడం లేదు' అన్న అయిదు మాటలు అక్కడి భాషలో నేర్చుకోండి. ఇంట్లో అందరికీ నేర్పండి.